బ్లూ బెల్టు దగ్గర ఆగిపోయేవాళ్లు

బడులకు వేసవి సెలవులు ఇవ్వగానే జగ్గయ్యపేటలోనో నందిగామలోనో ఏదో ఒక స్కూలు గ్రౌండులో కరాటే సమ్మర్ క్యాంపు మొదలవుతుంది. పొద్దున ఐదున్నరకే రమ్మంటారు. ఏడు దాటితే ఈ మెట్ట ఎండకు ఎవరూ నిలబడలేరు. కొత్తగా కొన్న తెల్ల డ్రస్సు గంజి పెట్టినట్టు బిరుసుగా ఉంటుంది. గుద్దు సూటిగా విసిరితే చొక్కా చెయ్యి టప్పుమంటుంది. ఆ చప్పుడు కోసమే పిల్లలు ఇంకో గుద్దు విసురుతారు. బడి తెరిచేసరికి వరసలు పలచబడతాయి. దసరా నాటికి మిగిలినవాళ్లను వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. వాళ్లలోనూ చాలామంది ఎల్లో, ఆరంజ్, గ్రీన్ దాటి బ్లూ దగ్గర ఆగిపోతారు.

"మావాడికి పట్టుదల లేదండీ" అని ఇంట్లోవాళ్లు తేల్చేస్తారు. ఈ తీర్పు నాకు సరైనదిగా తోచదు. నడుమ దారిలో ఉత్సాహం సడలడం ఒక పిల్లవాడి లోపం కాదు. నేర్చుకోవడమనే ప్రక్రియ తీరే అలాంటిది.

మొదట ఒంట్లో ఏం జరుగుతుందో చూద్దాం. ఐదు దండీలకే చేతులు వణికిన పిల్లవాడు నెల తిరిగేసరికి ఇరవై తీస్తాడు. అప్పటికి కండ పెరిగింది తక్కువే. 1979లో మోరితాని, డివ్రీస్ అనే పరిశోధకులు ఎనిమిది వారాల వ్యాయామాన్ని కొలిచి, తొలి వారాల్లో వచ్చే బలంలో ఎక్కువ భాగం నాడుల చలవేనని చూపారు. ఉన్న కండనే మెదడు మెరుగ్గా వాడుకోవడం నేర్చుకుంటుంది. నాడులు తొందరగా సర్దుకుంటాయి, కండ తీరిగ్గా పెరుగుతుంది. అందుకే మొదటి రెండు నెలలూ రోజుకో విజయంలా గడిచి, తర్వాత ఏమీ జరగనట్టు ఉంటుంది.

నైపుణ్యానిదీ ఇదే వరస. 1959లో క్రాస్‌మన్ అనే శాస్త్రవేత్త చుట్టలు తయారుచేసే యంత్రాల దగ్గరి కార్మికుల వేగాన్ని పరిశీలించాడు. లక్షల చుట్టలు చేశాక కూడా వాళ్ల వేగం పెరుగుతూనే ఉంది. కాకపోతే అంతకుముందు కొద్ది రోజుల్లో వచ్చినంత మెరుగుదలకు తర్వాత నెలలు పట్టింది. గుద్దు విషయంలోనూ మొదటి వంద ఇచ్చిన లాభం కావాలంటే తర్వాత వెయ్యి విసరాలి, ఆపైన పదివేలు. సాధన ఆగలేదు, ఫలితమూ ఆగలేదు. కంటికి ఆననంత చిన్నదైపోయింది, అంతే.

దీనికి తోడు దూరం సంగతి ఒకటుంది. అమెరికన్ మనోవిజ్ఞాని క్లార్క్ హల్ 1930లలో ఎలుకలను సన్నని దారిలో పరుగెత్తించి, తిండి దగ్గరపడేకొద్దీ అవి వేగం పెంచడం గమనించాడు. మనుషులమూ అంతే. బెల్టు పరీక్షకు వారం ఉందనగా మానకుండా వచ్చే పిల్లవాడు, పరీక్ష ఆరునెలల దూరాన ఉంటే వాన చినుకును కూడా సాకుగా చెబుతాడు.

హల్ ప్రయోగాలకు అర్ధశతాబ్దం ముందే జపాన్‌లో ఒక ఉపాధ్యాయుడు ఈ రహస్యం పట్టుకున్నట్టున్నాడు. 1882లో జూడో పాఠశాల పెట్టిన కానో జిగోరో మరుసటి ఏడాదే శిష్యులకు 'దాన్' అనే శ్రేణులివ్వడం మొదలుపెట్టాడు. 1924లో ఫునాకోషి గిచిన్ దాన్ని కరాటేలోకి తెచ్చాడు. రంగుల బెల్టులు జపాన్‌కు బయటే ఎక్కువగా ప్రచారంలోకి వచ్చాయి, 1930లలో పారిస్‌లో జూడో నేర్పిన కవాయిషి పేరు అక్కడ వినబడుతుంది. బెల్టు చేసే పని ఒక్కటే: నాలుగైదేళ్ల దారిని నెలల ముక్కలుగా కోయడం. మన పాత కర్రసాముకు ఈ అవసరం అంతగా లేదు. పీర్ల పండక్కో జాతరకో ముందు కర్రలు దించి, సాధన చేసి, ఊరేగింపులో తిప్పి, మళ్లీ అటకెక్కించేవాళ్లు. గమ్యం ఎప్పుడూ కనుచూపు మేరలోనే ఉండేది.

చిక్కు ఎక్కడంటే, పై బెల్టులకు వెళ్లేకొద్దీ పరీక్షల మధ్య ఎడం పెరుగుతుంది. సరిగ్గా అప్పుడే మెరుగుదల కంటికి కనబడటం మానేస్తుంది. రెండు నీరసాలూ ఒకేచోట కలుస్తాయి. ఆ చోటే బ్లూ బెల్టు.

ఇక్కడ పనికొచ్చే పరిశోధన 2012లో కూ, ఫిష్‌బాక్ చేశారు. దారి మొదట్లో ఉన్నవాళ్లు ఇంతవరకు చేసినదాన్ని, సగం దాటినవాళ్లు ఇంకా మిగిలినదాన్ని లెక్కపెట్టుకుంటే ఉత్సాహం నిలుస్తుందట. రెండింట్లో చిన్న అంకెనే చూడాలన్నమాట. చిన్న అంకెలో ప్రతి అడుగూ పెద్దగా కనిపిస్తుంది.

బహుమతుల విషయంలో మాత్రం జాగ్రత్త కావాలి. "ఈ సర్టిఫికెట్ స్పోర్ట్స్ కోటాకు పనికొస్తుందా మాస్టారూ?" అన్న ప్రశ్న నాన్నల నోట సహజంగానే వస్తుంది. అందులో తప్పులేదు. కానీ 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ చిన్నపిల్లలపై చేసిన ప్రయోగం గుర్తుంచుకోవాలి. బొమ్మలు గీస్తే రిబ్బను కట్టిన సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పిన పిల్లలు, తర్వాత ఖాళీ సమయంలో బొమ్మల మీద గడిపింది మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు సగమే. చెప్పకుండా ఇచ్చినవాళ్లలో ఆ తగ్గుదల లేదు. బెల్టు కొలబద్దగా ఉన్నంతకాలం మేలు చేస్తుంది, కూలిగా మారితే కూలి ఆగిన రోజున పనీ ఆగుతుంది.

ఇక నాగాలు. మిరప కోతలు, పత్తి తీతలు, ఇంటర్ పరీక్షలు, పెనుగంచిప్రోలు తిరునాళ్లు... ఈ ప్రాంతంలో ఏడాది పొడవునా ఒక్కరోజూ మానని సాధన ఊహకే పరిమితం. "ఎలాగూ వారం పోయింది కదా" అని పూర్తిగా మానేసేవాళ్లే ఎక్కువ. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని 12 వారాలు గమనించింది. ఒక కొత్త పని అలవాటుగా స్థిరపడటానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18 చాలాయి, మరికొందరి విషయంలో అంచనా 254 దాకా వెళ్లింది. అసలు ఊరట ఏమిటంటే, ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడలేదు. వాళ్లు పాటించిన కిటుకు మనందరికీ తెలిసిందే: రోజూ జరిగే ఒక పనికి కొత్త పనిని ముడేయడం. కోత రోజుల్లో గ్రౌండుకు రాలేని కుర్రవాడు పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కోగానే పెరట్లో పది నిమిషాలు కటా, అంటే వరస తప్పని కదలికల కూర్పు, చేసుకున్నా తాడు తెగదు.

బ్లాక్ బెల్టు వచ్చాక మానేసేవాళ్ల సంగతి ఇంకా విచిత్రం. వాళ్లను చూస్తే ఇక్కడి ఒక పాత శిల్పం గుర్తొస్తుంది. జగ్గయ్యపేట ధనంబోడు స్తూపం నుంచి వచ్చిన పలకల్లో ఒక చక్రవర్తి శిల్పం ఉంది. అతను చేయెత్తితే మేఘాల నుంచి నలుచదరపు నాణేలు రాలుతుంటాయి. అతన్ని మాంధాతగా గుర్తించిన పండితులున్నారు. బౌద్ధ కథలో మాంధాత భూమినంతా ఏలాడు, ఇంద్రుడి సింహాసనంలో సగం పొందాడు, మొత్తం కావాలనిపించి అక్కణ్నుంచి నేలమీదికి జారాడు. గమ్యం ఒక్కటే ఊతమైనప్పుడు, అది అందాక ఏం చేయాలన్నది రెండువేల ఏళ్లనాటి శిల్పి కాలానికే పాత ప్రశ్న.

'షోదాన్' అంటే జపనీస్‌లో మొదటి మెట్టు. అందుకేనేమో, బ్లాక్ బెల్టు కట్టిన మర్నాడు ఐదున్నరకల్లా శిష్యుణ్ని కొత్త పిల్లల వరస ముందు నిలబెట్టి, మొదటి కటా హెయాన్ షోదాన్ చెప్పించే మాస్టర్లుంటారు. మొత్తం ఇరవయ్యొక్క కదలికలు. లెక్క చెబుతూ తానూ చేసి చూపిస్తాడు. తొమ్మిదో దానికి గట్టిగా అరిచి చెయ్యి పైకి ఎత్తినప్పుడు, వెనకకాలి మడమ నేలనుంచి లేచిపోతోందని, ఇన్నేళ్లూ లేస్తూనే ఉందని, ఎదురుగా ఉన్న పిల్లవాడు దాన్ని అచ్చంగా అనుకరించినప్పుడు తెలుస్తుంది.