కంచే చేను మేసే రక్తవ్యాధులు - చిట్టెలుకలు నేర్పిన పాఠాలు

సూక్ష్మజీవుల బారి నుండి శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థ ఒక్కొక్కప్పుడు దారితప్పి, సొంత రక్తకణాలనే శత్రువులుగా ఎంచి నాశనం చేస్తుంది. కంచే చేను మేసినట్లుండే ఈ స్థితిని వైద్యులు స్వయం రోగనిరోధక వ్యాధిగా వ్యవహరిస్తారు. ఎర్ర రక్తకణాలు దాడికి గురైతే తీవ్ర రక్తహీనత, కామెర్లు కలుగుతాయి. ప్లేట్‌లెట్లు దాడికి గురైతే చర్మంపై ఎర్రని మచ్చలు, చిగుళ్ల నుండి రక్తస్రావం, అరుదుగా మెదడులో రక్తస్రావం సంభవిస్తాయి. ఈ రెండవ వ్యాధి ఐటీపీగా ప్రసిద్ధి. వీటి గుట్టు విప్పడంలో జంతువులపై జరిగిన పరిశోధనలకు గల పాత్ర, పరిమితులు తెలుసుకొనదగినవి.

మేకలతో మొదలు

1900 ప్రాంతంలో జర్మనీ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ మేకలలోనికి ఇతర మేకల రక్తాన్ని ఎక్కించి పరిశీలించారు. ఇతర మేకల కణాలను నాశనం చేసే ప్రతిరక్షకాలు వాటిలో పుట్టాయి గాని, సొంత కణాలను నాశనం చేసేవి పుట్టలేదు. అయితే మనుషులలో అట్టి ప్రతిరక్షకాలు ఉండగలవని 1904లో డోనాథ్, లాండ్‌స్టైనర్ ఒక అరుదైన వ్యాధి విషయంలో నిరూపించారు.

1950లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో విలియం హారింగ్టన్ అనే యువ వైద్యుడు ఐటీపీ రోగి రక్తాన్ని తన శరీరంలోనికే ఎక్కించుకున్నారు. కొద్ది గంటలలోనే ఆయన ప్లేట్‌లెట్లు ప్రమాదకర స్థాయికి పడిపోయాయి. వ్యాధికారకం రక్తంలోనే ఉన్నదని రుజువైనప్పటికీ, ఇటువంటి సాహసాన్ని మనుషులపై పదే పదే చేయడం సాధ్యం కాదు. జంతు నమూనాల ఆవశ్యకత ఇక్కడే స్పష్టమవుతుంది.

డునెడిన్ నల్ల ఎలుకలు

న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో మరియాన్ బీల్షోవ్‌స్కీ బృందం పెంచిన నల్ల ఎలుకల జాతిలో రక్తహీనత దానంతట అదే తలెత్తుతున్నట్లు 1959లో వెల్లడైంది. ఎన్‌జడ్‌బీగా పేరొందిన ఈ ఎలుకల ఎర్ర కణాలకు ప్రతిరక్షకాలు అంటుకొని ఉన్నట్లు కూంబ్స్ పరీక్షలో తేలింది. రోగులకు నేటికీ చేస్తున్న పరీక్ష ఇదే కావడం గమనార్హం.

రెండవ పద్ధతిలో ఆరోగ్యవంతమైన ఎలుకలకు ప్లేట్‌లెట్లపై దాడి చేసే ప్రతిరక్షకాలను ఎక్కిస్తారు. గంటల వ్యవధిలో ప్లేట్‌లెట్లు తగ్గిపోతాయి. 1981లో స్విట్జర్లాండ్ వైద్యుడు పాల్ ఇంబాక్ బృందం ఐటీపీ సోకిన పిల్లలకు ఇమ్యునోగ్లోబులిన్ చికిత్స సత్ఫలితాలనిచ్చినట్లు ప్రకటించింది. అది పనిచేసే తీరుపై 2001లో అమెరికా శాస్త్రవేత్తలు ఎలుకలలో పరిశోధించగా, దాడిని అదుపుచేసే ఒక గ్రాహకం లేని ఎలుకలలో ఆ చికిత్స ఫలించలేదు. అంటే మందు ముందు వచ్చింది, వివరణ తరువాత లభించింది.

ఎలుక మనిషి కాదు

మనిషి ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు జీవిస్తే, ఎలుకది సుమారు 40 రోజులే. మనిషి ప్లేట్‌లెట్లపై ఉండే ఒక ముఖ్య గ్రాహకం ఎలుక ప్లేట్‌లెట్లపై అసలే లేదు. ఈ తేడా మూల్యం స్వల్పమైనది కాదు. లూపస్, ఐటీపీ వ్యాధులకు ఆశాజనకంగా భావించిన సీడీ40 లిగాండ్ నిరోధక ఔషధం పరీక్షలలో కొందరు రోగులకు రక్తనాళాలలో గడ్డలు ఏర్పడటంతో, 1990వ దశకం చివర ఆ పరీక్షలను నిలిపివేశారు. మానవ గ్రాహకాన్ని చేర్చిన ఎలుకలలో ఈ ప్రమాదం అనంతరం బయటపడింది.

నిబంధనలు, ప్రత్యామ్నాయాలు

మన దేశంలో జంతు ప్రయోగాలు 1960 నాటి జంతు హింస నివారణ చట్టానికి, 1998 నాటి నియమాలకు లోబడి జరగాలి. సంస్థల నమోదు, నైతిక విలువల కమిటీ అనుమతి తప్పనిసరి. కణాలు, చిప్‌లపై ఆధారపడిన పద్ధతులకు కొత్త ఔషధాల నియమాలలో 2023లో చేసిన సవరణ చోటు కల్పించింది.

"ఎలుకలలో వ్యాధి నయమైంది" అన్న వార్త వెలువడినప్పుడు మూడు ప్రశ్నలు అడగడం సముచితం. వ్యాధి దానంతట అదే వచ్చినదా, కల్పించినదా? ఆ నమూనా మనిషిని ఏ అంశంలో పోలి ఉన్నది? మనుషులపై పరీక్షలు ఏ దశలో ఉన్నవి? వీటికి సమాధానం లభించే వరకు "మందు వచ్చేసింది" అని ప్రకటించకపోవడమే, బిడ్డ ప్లేట్‌లెట్ల సంఖ్య కోసం నిరీక్షించే తల్లిదండ్రులకు చేయగల మేలు.