లెవీ ధాన్యము నుండి ఉక్కు కర్మాగారము దాక

ఆర్థిక వ్యవహారములలో ప్రభుత్వము ఎంతవరకు కలుగజేసికొనవలెను? సర్కారు రైతు జోలికి రాకున్న చాలునని, 1959లో ఆచార్య ఎన్.జి. రంగా అధ్యక్షతన వెలసిన స్వతంత్ర పార్టీ వాదించెను. దున్నువానికే భూమి దక్కునట్లు చట్టము చేయుమని కమ్యూనిస్టులు కోరిరి. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతముల చరిత్రను పరిశీలించినచో, సామాన్యజనులు ఈ రెండు వాదములలో దేనికిని పూర్తిగా కట్టుపడలేదని మాకు తోచుచున్నది.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున నిజాం ప్రభుత్వము రైతులనుండి లెవీ ధాన్యము వసూలు చేసెను. గ్రామములో లెక్క వ్రాయువారు పటేలు పట్వారీలు. వారిపై దేశముఖుల పలుకుబడి అపారము. పెద్ద భూస్వామి తప్పించుకొనగా బరువంతయు చిన్న రైతు నెత్తిన పడెను. జనగామ తాలూకాలో రాజుకొన్న ప్రతిఘటనకు వెట్టి, బేదఖలీలతోపాటు లెవీయు కారణమే. 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండి ఈ ప్రాంతములోనిదే. అయినను, కౌలుదారుని భూమి నుండి వెళ్లగొట్టకుండ కాపాడుటకు మరల ప్రభుత్వ చట్టమే కావలసివచ్చినది. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టము రక్షిత కౌలుదారులకు హక్కులు కల్పించెను.

భూపాలపల్లి బొగ్గు గనులు సింగరేణి సంస్థవి. 1945లో నిజాం ప్రభుత్వము ఆ సంస్థలో అధిక వాటాలను కొనెను. నేడు రాష్ట్రమునకు 51, కేంద్రమునకు 49 శాతము వాటాలు కలవు. 2021 డిసెంబరులో నాలుగు బొగ్గు బ్లాకుల వేలమును నిరసించుచు సింగరేణి కార్మికులు 3 రోజులు సమ్మె చేసిరి. వారికి ప్రభుత్వ యాజమాన్యమనగా ఉద్యోగభద్రత. ఓపెన్‌కాస్టు గని క్రింద భూమి కోల్పోవు రైతుకు మాత్రము అదే సంస్థ వేరొక రూపమున కానవచ్చును.

మహబూబాబాదు జిల్లాలోని బయ్యారము ఇనుప ఖనిజమునకు పేరొందినది. నాటి ఖమ్మము జిల్లాలో ఉక్కు కర్మాగారము సాధ్యమగునా యని పరిశీలింపవలెనని 2014 నాటి పునర్వ్యవస్థీకరణ చట్టము చెప్పెను. బయ్యారము అప్పుడు ఆ జిల్లాలోనిదే. కర్మాగారము కావలెనని అచ్చటివారు ఆందోళనలు సాగించిరి. లెవీని ఎదిరించిన జనగామకు, కర్మాగారమును కోరిన బయ్యారమునకు పొరపొచ్చెము లేదు. ప్రజలు తూచునది ఫలితమును.

2018లో రైతుబంధు పథకము ఎకరమునకు, పంటకు 4,000 రూపాయలు ఇచ్చినది. అది పట్టాదారునకే చేరినది, కౌలుదారునకు కాదు. కావున ఏ పథకము వచ్చినను శ్రోతలు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. లెక్క వ్రాయువారెవరు? బరువు మోయువారెవరు? పేరు తప్పిపోయినవాడు ఎవరి తలుపు తట్టవలెను?