ముందు బ్రేకులు, ఆ తర్వాతే గుర్రాలు

చిన్నప్పుడు పన్నెండు మందితో ఇరుక్కుని స్కూలుకెళ్ళిన మారుతీ ఓమ్ని గుర్తుందా? అది రియర్ వీల్ డ్రైవ్ బండి. తాతగారి అంబాసిడర్ కూడా అంతే. ఇంజిన్ బలం వెనక చక్రాలకి వెళ్తుంది, ముందు చక్రాలు దారి మాత్రమే చూసుకుంటాయి. ఇప్పుడు మన రోడ్ల మీద కనిపించే స్విఫ్ట్, బలేనో, ఐ20 అన్నీ ముందు చక్రాలతో లాక్కెళ్ళేవే. లోపల చోటు కలిసొస్తుంది, తయారీ ఖర్చు తగ్గుతుంది. మరి స్పోర్ట్స్ కార్ల పిచ్చోళ్ళు ఇంకా వెనక చక్రాలనే ఎందుకు పట్టుకుని వేలాడుతున్నారు?

నేనూ ఆ పిచ్చోళ్ళలో ఒకణ్ణే. కాలిఫోర్నియాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇంటి ముందు 2019 మోడల్ మజ్దా మియాటా, రెండు సీట్లు, మాన్యువల్ గేర్లు. మూడేళ్ళుగా దీన్ని రేస్ ట్రాక్ మీదికి తీసుకెళ్తున్నా. తెలిసినవాళ్ళు ఎవరు కలిసినా మొదటి ప్రశ్న, "ఎన్ని హార్స్‌పవర్?" రెండోది, "సైలెన్సర్ మార్చావా?" బ్రేకుల గురించి ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. నాకు చెప్పాలనున్నది మాత్రం దాని గురించే.

అరచేయంత రబ్బరు

కారు ఎంత ఖరీదైనదైనా నేలను తాకేది నాలుగు టైర్ల కింద ఒక్కో అరచేయంత రబ్బరు. బ్రేక్ వేసినా, స్టీరింగ్ తిప్పినా, యాక్సిలరేటర్ తొక్కినా ఆ పట్టులోంచే ఖర్చు పెట్టాలి. నెల జీతం లాంటిది. అంతా బ్రేకుకే పెట్టేస్తే తిరగడానికి ఏమీ మిగలదు.

ముందు చక్రాల బండిలో ముందు టైర్లే లాగాలి, అవే తిరగాలి. వెనక చక్రాల బండిలో పని పంచుకుంటాయి. పైగా యాక్సిలరేటర్ తొక్కగానే బరువు వెనక్కి వాలుతుంది, నెట్టే టైర్లకి పట్టు పెరుగుతుంది. మలుపు దాటి బయటికొచ్చేటప్పుడు కారు మిమ్మల్ని వీపు మీద చెయ్యేసి తోసినట్టు ఉంటుంది. ఆ మజా కోసమే ఈ గోల అంతా.

కానీ ఇందులో ఒక మెలిక ఉంది. మలుపు మధ్యలో భయమేసి కాలు తీసేశారనుకోండి, బరువు ఒక్కసారిగా ముందుకి వస్తుంది. వెనక టైర్లు తేలికైపోతాయి. కారు తోక ఊపుతుంది. భయపడినప్పుడు మనిషి సహజంగా చేసే పని ఏదో, ఈ బండిలో సరిగ్గా అదే చేయకూడని పని. లాగూనా సెకా ట్రాక్ మీద ఆరో మలుపులో నా ముందున్న ఒక పెద్ద ఇంజిన్ కారు అలాగే కాలు తీసింది. బొంగరంలా తిరిగి పక్కనున్న కంకరలోకి పోయింది. మనిషికేం కాలేదు. చక్రాల్లోంచి రాళ్ళు ఏరుకోవడానికి మాత్రం మధ్యాహ్నం దాకా పట్టింది. అదే మలుపు రోడ్డు మీదైతే? అక్కడ కంకర ఉండదు. ఎదురుగా ఎవరో ఉంటారు.

విలేకరి అడిగిన కారు

మియాటా పుట్టుక సరదాగా ఉంటుంది. 1979లో బాబ్ హాల్ అనే అమెరికన్ ఆటో జర్నలిస్టు, మజ్దా పెద్ద కెనిచి యమమోటోతో మాట్లాడుతూ పాత బ్రిటిష్ ఓపెన్ టాప్ కార్ల లాంటిది మీరెందుకు చేయకూడదు అన్నాడు. తర్వాత ఆ హాలే మజ్దాలో ఉద్యోగంలో చేరాడు. పదేళ్ళకి, 1989 ఫిబ్రవరిలో, షికాగో ఆటో షోలో కారు బయటికొచ్చింది. 1.6 లీటర్ల ఇంజిన్, 116 హార్స్‌పవర్. అప్పటి లెక్కల్లో కూడా పెద్ద గొప్పేం కాదు.

ప్రాజెక్టు నడిపిన తోషిహికో హిరాయి బృందం పట్టుబట్టింది బలం మీద కాదు, బరువు మీద. వాళ్ళ మంత్రం 'జిన్బా ఇట్టాయ్'. గుర్రం, రౌతు ఒకే ఒళ్ళు అని అర్థం. ఎక్కువ గుర్రాలు అని కాదు, గమనించండి. రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన కారుగా ఇది గిన్నిస్‌కెక్కింది. 2016లో పది లక్షల మార్కు దాటింది. నా దగ్గరున్నది నాలుగో తరం: 2 లీటర్లు, 181 హార్స్‌పవర్, బరువు సుమారు 1,060 కిలోలు. అమెరికాలో కొత్తది 30 వేల డాలర్ల దరిదాపుల్లో మొదలవుతుంది. మజ్దా మన దేశంలో అమ్మదు కాబట్టి అక్కడ దీన్ని చూసే అవకాశం తక్కువే.

రోజూ దీంతో బతకడం ఎలా ఉంటుందంటే, డిక్కీ 130 లీటర్లు. ఇండియన్ స్టోర్లో కొన్న 20 పౌండ్ల సోనా మసూరి పక్క సీట్లో కూర్చుంటే, మనిషనుకుని కారు బెల్టు పెట్టుకోమని అరుస్తుంది. పెట్టేదాకా ఊరుకోదు. అమ్మావాళ్ళు వచ్చినప్పుడు ఎయిర్‌పోర్టుకి రూమ్మేట్ క్యామ్రీయే గతి. "ఇన్ని డబ్బులు పోసి రెండు సీట్లేనా నాన్నా?" అని అమ్మ ఇప్పటికీ అంటుంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

మూడు లీటర్ల చాయ్ నీళ్ళు

ఇక మోడిఫికేషన్లు. చాలామంది మొదట ఇంజిన్ మీద పడతారు: ఇన్‌టేక్, ఎగ్జాస్ట్, కంప్యూటర్ ట్యూనింగ్. నేను మొదట మార్చింది బ్రేక్ ఆయిల్. రెండు పిజ్జాల ఖర్చు.

లెక్క చూడండి. నాతో కలిపి కారు 1,150 కిలోలు అనుకుందాం. 160 కిలోమీటర్ల వేగం నుంచి మలుపు ముందు 60కి దించాలి. ఆ వేగమంతా ఎక్కడికీ మాయమవదు, బ్రేకుల్లో వేడిగా మారుతుంది. ఆ వేడితో దాదాపు మూడు లీటర్ల మామూలు నీళ్ళని మరిగే దాకా తేవచ్చు. అదీ ఒక్కసారి బ్రేక్ వేస్తేనే. ప్రతి రౌండులో అలాంటివి నాలుగైదు ఉంటాయి, 20 నిమిషాలు ఆగకుండా. ఆఫీసుకెళ్ళే దారిలో బ్రేకులకి ఈ అనుభవం జీవితంలో రాదు.

బ్రేక్ ఆయిల్‌కి ఇంకో గుణం ఉంది, గాల్లో తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. నీరు పట్టాక ఆ హద్దు 155 డిగ్రీలకి పడిపోతుంది. ఆయిల్ మరిగితే బుడగలొస్తాయి. ద్రవం నొక్కితే కుంచించుకోదు, బుడగ కుంచించుకుంటుంది. అప్పుడు పెడల్ తొక్కితే మెత్తగా నేల దాకా పోతుంది, కారు ఆగదు. మీ బండిలో బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారో గుర్తుందా? ట్రాక్‌తో సంబంధం లేకుండానే అడుగుతున్నా. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు కూడా ఇదే ఫిజిక్స్ పని చేస్తుంది.

తర్వాత ఎక్కువ వేడిని తట్టుకునే బ్రేక్ ప్యాడ్లు. ఆ తర్వాత మంచి టైర్లు, అలైన్‌మెంట్. నాది ఓపెన్ టాప్ కాబట్టి సీట్ల వెనక రోల్ బార్ అనే ఉక్కు కమాను. కారు బోల్తా పడితే తలని కాపాడేది అదే. చాలా ట్రాక్ డేలలో అది లేని ఓపెన్ కార్లని రానివ్వరు. సరిపోతుందో లేదో చూడ్డానికి మహా హైటెక్ పరీక్ష ఒకటుంది: రోల్ బార్ పైనుంచి ముందు అద్దం అంచు మీదికి చీపురు కర్ర పెడతారు. హెల్మెట్ దానికి తగలకూడదు. అంతే!

ఇంజిన్ జోలికి ఇప్పటికీ పోలేదు. కారణాలున్నాయి. కాలిఫోర్నియాలో పొగకి సంబంధించిన భాగాలు మార్చాలంటే రాష్ట్రం అనుమతించిన నంబరున్నవే వాడాలి. సైలెన్సర్ మోత పెంచితే లాగూనా సెకాలో ఇంకో చిక్కు. అక్కడ చాలా ట్రాక్ డేలలో శబ్దం 90 డెసిబెల్స్ దాటకూడదు. పక్కన మైక్ పెట్టి కొలుస్తారు, దాటితే నల్ల జెండా చూపించి బయటికి పిలుస్తారు. వందల డాలర్లు పోసి సైలెన్సర్ కొని, దానివల్లే మధ్యాహ్నానికి ఇంటికెళ్ళినవాళ్ళని చూశాను. నవ్వొచ్చింది, పైకి మాత్రం పాపం అన్నాను.

చెయ్యి బయటికి పెట్టాలి

ట్రాక్ డే అంటే రేసు కాదు. బహుమతి ఉండదు, స్థానాలు ఉండవు. పొద్దున్నే కారు తనిఖీ, తర్వాత క్లాసు, జెండాల పాఠం. పసుపు అంటే జాగ్రత్త, ఎరుపు అంటే ఆపు, నలుపు అంటే నీతో మాట్లాడాలి రా. బైక్ హెల్మెట్ చాలాచోట్ల ఒప్పుకోరు. మంటల్ని తట్టుకునే కార్ హెల్మెట్ వేరే ఉంటుంది. కొత్తవాళ్ళ పక్కన ఇన్‌స్ట్రక్టర్ కూర్చుంటారు. ఇష్టమొచ్చినట్టు ఓవర్‌టేక్ చేయకూడదు. ముందున్నవాడు కిటికీలోంచి చెయ్యి పెట్టి ఇటు వెళ్ళు అని చూపిస్తేనే దాటాలి.

ఈ చెయ్యి బయటపెట్టడమే మన కుర్రాళ్ళకి అన్నిటికంటే కష్టం. నా గ్రూపులో ఒకావిడ ఉండేది, వయసు అరవై దాటింది, రిటైర్డ్ టీచర్. ఆవిడ కారు 1990ల నాటి మొదటి తరం మియాటా, ఎండకి రంగు వెలిసిపోయింది. మాలో సగం మంది ఆవిడకి చెయ్యి చూపించాల్సి వచ్చేది, నాలుగు వందల పైచిలుకు హార్స్‌పవర్ ఉన్నవాళ్ళతో సహా. తిన్నటి దారిలో వాళ్ళు దూసుకుపోయేవాళ్ళు, మలుపు రాగానే ఆవిడ వాళ్ళ అద్దంలో ఉండేది. ఏం మార్పులు చేశారండీ అని అడిగితే, టైర్లు, బ్రేకులు, ఇన్‌స్ట్రక్టర్ల ఫీజులు అంది.

లాగూనా సెకాలో కార్క్‌స్క్రూ అని ఎనిమిదో మలుపు. గుట్ట పైకెక్కుతూ బ్రేక్ వేయాలి, ఎదురుగా ఆకాశం తప్ప ఏమీ కనబడదు. ఎడమకి తిప్పగానే నేల కింద నుంచి జారిపోతుంది. 140 మీటర్ల లోపే 18 మీటర్ల దిగుడు, అంటే ఆరంతస్తుల మేడ దిగినట్టు. మొదటిసారి మా ఇన్‌స్ట్రక్టర్ చెప్పింది ఒక్కటే. రోడ్డు కోసం వెతకకు, దూరంగా ఆ చెట్టు చూడు, అటే పో. చూపు ఎటుంటే చేతులు అటే పోతాయట. పోయాయి.

డబ్బు సంగతి దాచకూడదు. ఇక్కడి మామూలు ఇన్సూరెన్స్ పాలసీలు సాధారణంగా ట్రాక్ మీద జరిగిన నష్టాన్ని కవర్ చేయవు. ఆ ఒక్కరోజుకి వేరే పాలసీ కొనాలి. అప్పు మీద కొన్న కారు గోడకి తగిలితే కారు పోతుంది, ఈఎంఐ మాత్రం ఉంటుంది. హెచ్-1బీ మీద ఉన్నవాడికి ఉద్యోగం పోతే చేతిలో ఉండేది 60 రోజులు. అందుకే నేను సెకండ్ హ్యాండ్‌లో, అప్పు లేకుండా తీసుకున్నా. ముక్కలైపోతే తట్టుకోగలనా అని ప్రతిసారీ అడుక్కుని, అవునంటేనే ఫీజు కడతాను. రెండుసార్లు కట్టలేదు. ఆఫీసులో లేఆఫ్‌ల మాట నడుస్తున్న రోజులవి.

తమ్ముడి టైర్లు

హైదరాబాద్‌లో మా బాబాయి కొడుకు కిందటేడు ఫోన్ చేశాడు. "అన్నా, కారు రీమ్యాప్ చేయిస్తా. ముప్పై హార్స్‌పవర్ పెరుగుతుందంట."

"టైర్లు ఎప్పటివిరా?"

"బానే ఉన్నాయన్నా, గాట్లు ఉన్నాయి."

"పక్కన డాట్ అని ఉంటుంది, చివర నాలుగంకెలు చదువు."

కాసేపు ఆగి చదివాడు. 0817. అంటే 2017లో ఎనిమిదో వారం. రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది, గాట్లు ఎన్నున్నా పట్టు ఉండదు. వాడు దాంతో రాత్రిపూట ఔటర్ మీదికి వెళ్తున్నాడు, ఫ్రెండ్స్ రీల్స్ తీస్తున్నారు.

చట్టం సంగతీ చెప్పాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండి మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగా చెప్పింది. వేగమే కావాలంటే చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో ట్రాక్ ఉంది, కోయంబత్తూరు దగ్గర కరి మోటార్ స్పీడ్‌వే ఉంది. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ కార్లు పరిగెత్తినప్పుడు వీడే స్టాండ్‌లో కూర్చుని గొంతు పోయేలా అరిచాడు. మరుసటి ఏడు ఆ రేసు రద్దయింది. అంత దూరం ఎందుకు, ఊళ్ళోనే కార్టింగ్ ఉంది కదా అన్నాను. చిన్నపిల్లల ఆట అన్నాడు. కార్ట్ కూడా రియర్ వీల్ డ్రైవేరా, ఇంజిన్ తిప్పేది వెనక ఇరుసునే అంటే కాస్త తగ్గాడు.

రెండు నెలల తర్వాత వాట్సాప్‌లో రెండు ఫొటోలు పంపాడు. ఒకటి కొత్త టైర్ల బిల్లు. రెండోది కార్టింగ్ టైమింగ్ షీటు, అందులో వాడి పేరు కింది నుంచి మూడోది. కింద మెసేజ్: "అన్నా, మొదట వచ్చినోడికి పద్నాలుగేళ్ళు. వాడు అసలు బ్రేక్ ఎక్కడ వేస్తున్నాడో అర్థం కావట్లేదు."