బెండు చెప్పు మాట

వైశాఖము ముదిరినది. చెరువు నీరు తూము మెట్లు దిగి లోనికి జరిగినది. గట్టుమీది మర్రినీడలో గాలపు కర్ర పట్టుకొని కూర్చున్నవానికి ఈ దినములలో ఒక చిక్కు ఎదురగును. శీతకాలమున నిలువెత్తు లోతులో దొరకిన చేప ఇప్పుడు అచట దొరకదు. ఎర చెడలేదు, గాలము మొద్దుపోలేదు. మారినది నీటి నడత. ఆ మార్పును కనిపెట్టి చెప్పునది గాలపుత్రాటికి కట్టిన చిన్న బెండుముక్క.

వేసవి పగటివేళ చెరువునీరు ఒకదానిపై నొకటి పరచిన రెండు పొరల వంటిది. వేడెక్కిన నీరు వ్యాకోచించి తేలికయై పైన నిలుచును. చల్లని నీరు బరువై అడుగున నుండును. గాలి వీచనప్పుడు ఈ రెండును సులభముగా కలియవు. పైపొరకు ఎండయు గాలియు తగులును. కంటికి కనబడని నాచు ఆ ఎండలో ఆహారమును తయారుచేసికొనుచు ప్రాణవాయువును విడుచును. ఆ నాచును తిను సూక్ష్మజీవులును అచటనే గుమిగూడును. అడుగున కుళ్లుచున్న ఆకులును బురదయు ఉన్న ప్రాణవాయువును హరించును. కావున వేసవిలో చేపకు మేతయు, ఊపిరియు పైననే దొరకును.

మన చెరువులలో పెరుగు కార్పు జాతి చేపలలో మూడు ముఖ్యమైనవి. ఎర్రమోసు అనబడు మ్రిగాల అడుగు బురదలో మేయును. శీలావతి యను రోహు నడిమి నీటిలో తిరుగును. బొచ్చె పైపొరలో మేయును. బొచ్చె మొగము చూచినంతనే ఈ సంగతి బోధపడును: పెద్ద తల, పైకి తెరచుకొన్న నోరు, ముందునకు వచ్చిన క్రింది దవడ. అది నీటిని నోట పుచ్చుకొని, మొప్పలలోని జల్లెడవంటి ముండ్లతో సూక్ష్మజీవులను వడగట్టి తినును. అట్టి చేపకు అడుగున ఎర వేయుట, మేడమీద నున్నవానికి నేలమాళిగలో విస్తరి వేయుట వంటిది.

కావున వేసవిలో చేయవలసిన మొదటి పని బెండును గాలము దెసకు జరుపుట. రెండింటికి నడుమ మూరెడు, లేదా రెండు మూరల త్రాడు చాలును. బెండు జీలుగుదైనచో మేలు. అది మిక్కిలి తేలిక. సీసపు గుండ్లను గాలముకడ కాక బెండు మొదటనే బిగింపవలెను. అప్పుడు ఎర రాయివలె పడక, ఆకువలె మెల్లగా దిగును. తవుడును వేరుసెనగ చెక్కయు కలిపి తడిపిన మెత్తని ముద్ద ఎరగా పనికివచ్చును. అది కొద్దికొద్దిగా కరగి నీటిలో మబ్బువలె వ్యాపించి బొచ్చెను పిలుచును. మేతను ఒక్కమారే కుమ్మరింపరాదు. చిటికెడు చిటికెడుగా, విడువక చల్లవలెను. కడుపు నిండిన చేప ఎరను చూడదు. మేత మునిగిపోయినచో దానివెంట చేపయు మునుగును. నీటిపై తేలు ఆహారము గాలి వీచు దరికే కొట్టుకొనిపోవును గనుక బెండు నచటనే వేయవలెను.

పైకి వచ్చిన చేప మనుష్యుని నీడను, అలికిడిని త్వరగా పసిగట్టును. కార్పు జాతికి చెవులు పైకి కనబడవు గాని, గాలితిత్తి నుండి లోపలిచెవి వరకు చిన్న యెముకల గొలుసు కలదు. నీటిలోని చప్పుడు దానిగుండ చెవిని చేరును. గట్టుమీద మౌనము పాటించుట ఇందువలననే.

ఇక బెండు కదలికల మాట. బెండు కదలినప్పుడెల్ల చేప ఎరను పట్టినట్లు కాదు. గుమిగూడిన చేపల వీపులు త్రాటికి తగిలినను బెండు వణకును. తొందరపడి లాగినచో గాలము చేప ప్రక్కలోనో తోకలోనో గ్రుచ్చుకొనును. మంద బెదరి చెదరును. నిజముగా ఎరను నోట పట్టిన చేప బెండును ప్రక్కకు ఈడ్చుకొనిపోవును, లేదా ముంచివేయును. వణకునకును ఈడ్పునకును గల భేదము తెలియుటయే ఈ విద్యలో సగము.

ఈ విద్య నిన్నటిది కాదు. 12వ శతాబ్దిలో కల్యాణి రాజధానిగా ఏలిన చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు తన సంస్కృత గ్రంథమైన 'మానసోల్లాస'మున రాజులకు తగిన వినోదములలో మత్స్యవినోదమును చేర్చెను. తరువాతి కాలమున చెరువులకు పేరుగాంచిన కాకతీయులు ఆనాడు ఆ చాళుక్యులకు సామంతులు. చేపల జాతులు, వానికి వేయదగిన మేత, గాలపు సాధనములు ఆ గ్రంథమున వర్ణింపబడినవి. ప్రాణిశాస్త్రవేత్త సుందర్‌లాల్ హోరా 1951లో ఆ భాగమును ఆధునిక శాస్త్రజ్ఞుల దృష్టికి తెచ్చెను.

అయితే గట్టుమీద కూర్చున్నవానికి ఇంతకంటె పెద్ద పరీక్ష యొకటి కలదు. అది తెల్లవారుజామున వచ్చును. ముందటి దినమెల్ల మబ్బు పట్టి, రాత్రి ఉక్కపోసి, గాలి కదలని ఉదయమున చెరువునిండ చేపలు పైకి వచ్చి నోళ్లు తెరచుచుండును. ఇంతకంటె మంచి అదను దొరకదని పసివాడు పొంగిపోవును.

"తాతా, చేపలన్నీ పైకొచ్చాయి! గాలం వెయ్యనా?"

"వద్దురా నాయనా. అవి మేతకు రాలేదు, ఊపిరికి వచ్చాయి."

ముసలివాని మాట శాస్త్రసమ్మతము. 20 డిగ్రీల సెంటిగ్రేడు కడ మంచినీరు గాలినుండి లీటరునకు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును గ్రహింపగలదు. 30 డిగ్రీల కడ అది సుమారు 7.5 మిల్లీగ్రాములకు తగ్గును. పగలు ప్రాణవాయువు నిచ్చిన నాచు రాత్రి తానే దానిని పీల్చుకొనును. మబ్బు పట్టిన దినమున ఇచ్చినది తక్కువ, రాత్రి పీల్చినది ఎప్పటియంత. కావున తెల్లవారుసరికి చెరువు దాదాపు ఖాళీ కొట్టువంటి దగును.

ఈ రెండు రాకలకు గుర్తులు వేరు. మేతకు వచ్చిన చేప ఒక్క సుడి విడిచి మునుగును, చప్పుడైనచో పారిపోవును. ఊపిరికి వచ్చినది నీటి అంచున నోరుంచి అచటనే నిలుచును. మనిషి దగ్గరకు వచ్చినను కదలదు. ఎర ముందున్నను ముట్టదు.

అట్టి ఉదయమున చేయవలసిన పని వేట కాదు, వార్త నందించుట. చేపపిల్లలను వదలి నెలల తరబడి కాచుకొన్న మత్స్యకారుల కష్టమంతయు ఆ గంటలో నీటి అంచున ఊగుచుండును. వెంటనే తెలిసినచో వారు కాలువనుండియో బావినుండియో క్రొత్తనీరు పెట్టుదురు. పంపుతో నీటిని పైకి చిమ్మి గాలి తగులనిత్తురు. ఆ దినమునకు మేత మానుదురు. ప్రొద్దెక్కి నాచు మరల ప్రాణవాయువు నిచ్చువరకు చేపను నిలుపుటకు ఆ సాయమే ఆధారము. ఆలస్యమైనచో మధ్యాహ్నమునకు దరినిండ తెల్లని పొట్టలు తేలును.

తాత గాలపుత్రాటిని కర్రకు చుట్టును. మనుమడు గట్టు దిగి మత్స్యకారుల పేట వైపునకు పరుగెత్తును.