వార్తల్లో పదం: ప్రొపోర్షనేట్ డిడక్షన్

ఆరోగ్య బీమా క్లెయిముల్లో కోతలపై వార్తలు వచ్చినప్పుడల్లా ‘ప్రొపోర్షనేట్ డిడక్షన్’ అనే మాట వినిపిస్తోంది. పాలసీలో ఉన్న గది అద్దె పరిమితిని మించిన గదిలో చేరితే, గది అద్దెతో పాటు దానికి ముడిపడిన ఇతర ఖర్చుల్లోనూ అదే నిష్పత్తిలో విధించే కోత ఇది. ఉద్యోగుల గ్రూప్ పాలసీల్లో ఈ పరిమితి తరచూ ఉంటుంది.

ఉదాహరణకు, మీ పాలసీ రోజుకు 5,000 రూపాయల గదికి ఒప్పుకుంటుంది. మీరు 10,000 గదిలో చేరారు. అద్దెలో సగమే వస్తుంది. అంతటితో ఆగదు. సర్జన్ ఫీజు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ చార్జీలు కలిపి లక్ష అయితే, అందులోనూ 50,000 మాత్రమే ఇస్తారు. బీమా మొత్తం ఎన్ని లక్షలున్నా ఈ కోత తప్పదు. చాలామందిని దెబ్బతీసేది ఇదే.

అయితే మందులు, ఇంప్లాంట్లు, పరీక్షల ఖర్చులకు, ఐసీయూ చార్జీలకు ఈ కోత వర్తించకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2020లోనే మార్గదర్శకాలిచ్చింది. గదిని బట్టి రేట్లు మార్చని ఆసుపత్రుల్లోనూ కోత పెట్టకూడదు. సెటిల్‌మెంట్ లెటర్‌లో ఈ పద్దులు విడివిడిగా చూసుకోవాలి.

గ్రూప్ పాలసీ షరతులు కంపెనీకీ బీమా సంస్థకూ మధ్య కుదురుతాయి కాబట్టి ఉద్యోగి చేతికి తరచూ ఈ-కార్డు మాత్రమే వస్తుంది. అందులో గది పరిమితి ఉండకపోవచ్చు. హెచ్‌ఆర్‌ను గానీ, క్లెయిములు చూసే టీపీఏను గానీ అడిగితే చెబుతారు. అడ్మిషన్ కౌంటర్ దగ్గర గది ఎంచుకోకముందే అడగాలి.