ట్రెయిలరు వెనుక దీపాలు వెలగనప్పుడు

చీకటివేళ ఏళాయిరంపన్నై నుండి సాత్తూరు, కోవిల్‌పట్టి వైపు సాగే ట్రాక్టరు ట్రెయిలరుకు వెనుక దీపాలు లేకుంటే, వెనుక వచ్చే వాహనదారునికి అది దగ్గరపడే వరకూ కనబడదు. కనుక బయలుదేరక ముందే దీపాలను పరీక్షించవలెను. అగ్గిపెట్టెలు, బాణసంచా ఎక్కించి ఉన్న బండికి మాత్రం తీగల పని చేయరాదు. చిన్న నిప్పురవ్వ చాలు, ప్రాణాలు పోవుటకు.

దీపాలన్నీ మసకబారినా, ఇండికేటరు వేసినప్పుడు బ్రేకు దీపం మినుకుమన్నా ముందుగా ఎర్త్ తీగను అనుమానించవలెను. అది చట్రానికి కలిసే చోట తుప్పును, రంగును గీకి, బోల్టును గట్టిగా బిగించవలెను. కొక్కెం ద్వారా అందే ఎర్త్‌ను నమ్ముకొనరాదు.

ఒక్క దీపమే వెలగనిచో బల్బును, హోల్డరును చూడవలెను.

ఏదీ వెలగనిచో ఫ్యూజును, ప్లగ్గును, ఎర్త్‌ను చూడవలెను. కాలిన ఫ్యూజుకు బదులు తీగముక్క చుట్టరాదు. లోపలి తీగలు వేడెక్కి అంటుకొనగలవు.

దోషం ట్రాక్టరుదా, ట్రెయిలరుదా అని తేల్చుటకు టెస్టు ల్యాంపు చాలు. ఐ.ఎస్.ఓ. 1724 ప్రమాణపు 12 వోల్టుల ఏడు పిన్నుల సాకెట్టులో 1 ఎడమ ఇండికేటరు, 3 ఎర్త్, 4 కుడి ఇండికేటరు, 5 కుడి వెనుక దీపం, 6 బ్రేకు దీపం, 7 ఎడమ వెనుక దీపం. ల్యాంపు క్లిప్పును 3కు తగిలించి, ఆయా స్విచ్చు వేసి, మిగిలిన వాటిని ఒక్కొక్కటిగా తాకవలెను. అన్నిటా వెలిగితే ట్రాక్టరు వైపు లోపం లేదు. ప్లగ్గు నుండి ట్రెయిలరు వైపే వెతకవలెను.