డొంకూరు ఫొటోలు, మాస్టోడాన్, నేను

మాది డొంకూరు. ఇచ్ఛాపురం మండలం, ఒడిశా బోర్డర్‌కి దగ్గర, సముద్రం ఒడ్డు. క్లాసులో చెప్తే "అదెక్కడ?" అంటారు. "శ్రీకాకుళం జిల్లా చివర" అంటే "ఓ, ఉద్దానం వైపా" అంటారు. సరే, అలాగే అనుకోండి.

ఈ వ్యాసం డీసెంట్రలైజ్డ్ సోషల్ నెట్‌వర్క్‌లు ఎలా వాడాలో చెప్పడానికే. కానీ ముందు ఒక పేజీ పోయిన సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే ఈ గొడవంతా నాకెందుకు పట్టిందో మీకు అర్థం కాదు.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. నేనప్పుడు చిన్నవాణ్ణి. ఉద్దానమంతా కొబ్బరి చెట్లు, జీడి తోటలు పడిపోయాయి. కరెంటు రోజుల తరబడి లేదు. మా బావ అప్పటికింకా వేటకి గుజరాత్ వెళ్ళడం మొదలుపెట్టలేదు, ఊళ్ళోనే ఉన్నాడు. ఒడ్డున తిరగబడ్డ పడవలు, కప్పులు లేచిపోయిన ఇళ్ళు, అన్నీ ఫోన్‌లో తీశాడు. ఛార్జింగ్ దొరికాక ఊరి పేరు మీద ఒక పెద్ద సోషల్ నెట్‌వర్క్‌లో పేజీ తెరిచి ఎక్కించాడు. ఆ తర్వాత అది ఊరి పేజీ అయిపోయింది. గంగమ్మ పండగ, చేపల వేలం, పెళ్ళిళ్ళు, ఎవరైనా పోతే ఆ కబురు. బయట ఊళ్ళలో బోట్ల మీద ఉన్నవాళ్ళు రాత్రి పూట ఆ పేజీ చూసుకునేవాళ్ళు. మా తాతయ్య తెప్ప పక్కన బీడీ పట్టుకుని నిలబడ్డ ఫొటో కూడా అందులోనే ఉండేది. ఆయన 2021లో పోయారు.

రెండేళ్ళ కిందట బావ ఫోన్ వెరావల్‌లో బోటు మీంచి నీళ్ళలో పడిపోయింది. కొత్త ఫోను, కొత్త సిమ్ము. పాత నంబర్ రీఛార్జ్ లేక పోయింది. లాగిన్ అవుదామంటే ఓటీపీ పాత నంబర్‌కే వెళ్తుంది. ఈలోగా ఎవడో పేజీలోకి దూరి షేర్ ట్రేడింగ్ యాడ్స్ పెట్టాడు. రూల్స్ తప్పారని కంపెనీ పేజీ మొత్తం తీసేసింది. అప్పీల్ ఫారం నేనే నింపాను, మూడుసార్లు. మూడుసార్లూ అక్షరం తేడా లేకుండా ఒకే మెయిల్. మా అత్త ఒక్కటే అడిగింది: "మన ఫొటోలు మనకియ్యడానికి ఆడికేటిరా నొప్పి?"

కంప్యూటర్ సైన్స్ చదువుతున్నానని చెప్పుకుంటాను కదా, నా దగ్గర జవాబు లేదు.

ఇలా పోవడం మాకొక్కళ్ళకే జరగలేదు. తెలుగు సాహిత్యం మీద ఏళ్ళ తరబడి చర్చలు నడిచిన రచ్చబండ ఉన్నది యాహూ గ్రూప్స్‌లో. పాత మెసేజ్‌లు, ఫైళ్ళు సైట్ నుంచి తీసేస్తామని యాహూ 2019లో ప్రకటించింది, 2020 డిసెంబర్‌లో గ్రూప్స్ మొత్తం మూసేసింది. కూ యాప్‌లో తెలుగులో రాసినవాళ్ళున్నారు. అది 2024 జులైలో మూతపడింది. స్థలం వాళ్ళది, తాళం వాళ్ళది, మనం అద్దె కూడా కట్టం. ఖాళీ చేయమంటే ఎవరిని అడుగుతాం?

తమాషా ఏంటంటే, యజమాని లేని నెట్‌వర్క్ మన తెలుగువాళ్ళకి కొత్త కాదు. 1990ల్లో అమెరికాలో చదువుకునే తెలుగువాళ్ళు యూజ్‌నెట్‌లో సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు అనే గ్రూపులో వాదించుకునేవాళ్ళు. యూజ్‌నెట్ ఒక కంపెనీది కాదు. ఒక్కో యూనివర్సిటీలో ఒక్కో సర్వర్, అవి ఒకదాని మెసేజ్‌లు ఇంకోదానికి అందించుకుంటాయి. అప్పటికి కంప్యూటర్లలో తెలుగు లిపి కుదిరేది కాదు కాబట్టి ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసే ఆర్టీఎస్ పద్ధతి రైస్ యూనివర్సిటీలో తయారైంది. మనం ఇప్పుడు చాట్‌లో కొట్టే తెలుగుకి అది పెదనాన్న లాంటిదన్నమాట, కాకపోతే దానికి రూల్స్ ఉండేవి.

ఇక అసలు విషయం. మాస్టోడాన్‌ని 2016లో జర్మనీలో ఆయ్‌గెన్ రోచ్కో అనే కుర్రాడు మొదలుపెట్టాడు. చూడ్డానికి పాత ట్విట్టర్‌లా ఉంటుంది. కానీ మాస్టోడాన్ అనేది ఒక సైట్ కాదు, సాఫ్ట్‌వేర్. ఎవరైనా తమ సర్వర్‌లో పెట్టుకోవచ్చు. ఆ సర్వర్లు యాక్టివిటీపబ్ అనే ప్రోటోకాల్‌తో మాట్లాడుకుంటాయి. దాన్ని 2018 జనవరిలో డబ్ల్యూత్రీసీ స్టాండర్డ్‌గా ఒప్పుకుంది. ఫొటోలకి పిక్సెల్‌ఫెడ్, వీడియోలకి పీర్‌ట్యూబ్, ఇవన్నీ ఆ ప్రోటోకాల్ వాడేవే. పిక్సెల్‌ఫెడ్‌లో ఉన్న మనిషిని మాస్టోడాన్ నుంచే ఫాలో అవ్వొచ్చు.

మా ఫ్లోర్‌లో ఒకడికి యూపీఐతో పోల్చి చెప్పాను. నువ్వు ఫోన్‌పేలో ఉన్నా నేను గూగుల్ పేలో ఉన్నా డబ్బులు వస్తాయి కదా, అలాగే. వాడు వెంటనే "యూపీఐ మధ్యలో ఎన్‌పీసీఐ ఉంది కదరా" అన్నాడు. నిజమే. పోలిక తప్పు. ఈమెయిల్ సరైన పోలిక: జీమెయిల్ నుంచి కాలేజీ మెయిల్‌కి ఉత్తరం వెళ్తుంది, మధ్యలో పెద్దమనిషి ఎవరూ లేరు. మాస్టోడాన్ అడ్రస్ కూడా అలాగే రెండు ముక్కలు, మీ పేరు, తర్వాత సర్వర్ పేరు. ఎవరినైనా వెతకాలంటే రెండు ముక్కలూ కలిపి సెర్చ్‌లో పేస్ట్ చేయండి. పేరొక్కటే కొడితే చాలాసార్లు దొరకదు, "ఇక్కడ ఎవరూ లేరు" అనుకుని వెళ్ళిపోతారు.

2019 నవంబర్‌లో మన దేశంలో అదే జరిగింది. సుప్రీంకోర్టు సీనియర్ లాయర్ సంజయ్ హెగ్డే అకౌంట్‌ని ట్విట్టర్ సస్పెండ్ చేసినప్పుడు కోపంతో చాలామంది మాస్టోడాన్‌కి వచ్చారు. చాలామంది తిరిగి వెళ్ళిపోయారు కూడా. కోపంతో వచ్చినవాళ్ళకి ఆ ఖాళీ హోమ్ పేజీ చూస్తే బోర్ కొట్టడం సహజం. అక్కడ అల్గారిదమ్ మీకేమీ వడ్డించదు. మీరు ఎవరిని ఫాలో అయితే వాళ్ళ పోస్టులే, టైమ్ ప్రకారం. అందుకని మొదటి వారం ఓపిగ్గా ఒక ముప్పై, నలభై మందిని వెతికి ఫాలో అవ్వాలి. హ్యాష్‌ట్యాగ్‌లని కూడా మనుషుల్లాగే ఫాలో అవ్వొచ్చు. తెలుగు అని తెలుగు లిపిలో ఒకటి, ఇంగ్లిష్ లిపిలో ఒకటి, రెండూ పెట్టుకోండి, మనవాళ్ళు రెండు రకాలుగానూ రాస్తారు. పోస్టు రాసే పెట్టెలో భాష ఎంచుకునే చిన్న బటన్ ఉంటుంది. నేను రెండు నెలలు దాన్ని ఇంగ్లిష్‌లోనే వదిలేసి తెలుగు రాశాను. తెలుగు పోస్టులు మాత్రమే కావాలని ఫిల్టర్ పెట్టుకున్నవాళ్ళకి నా రాతలు కనబడే దారే లేదు. నా తెలుగు స్పెల్లింగులు చూస్తే వాళ్ళకి మంచే జరిగిందేమో.

సర్వర్ ఎంచుకోవడం దగ్గర మాత్రం తొందరపడకండి. నేను చేసిన పెద్ద తప్పు అక్కడే.

మొదట నేను చేరింది ఒక చిన్న సర్వర్. పేరు బాగుంది, బొమ్మ బాగుంది, అంతే. బావ దగ్గర, చుట్టాల ఫోన్లలో, వాట్సాప్‌లలో వెతికి పట్టుకున్న ఊరి ఫొటోలు ఒక అరవై దాకా అందులో పెట్టాను. నాలుగు నెలలకి ఒక రోజు సైట్ తెరుచుకోలేదు. మర్నాడూ అంతే. నడిపే మనిషి ఒక్కడే, డబ్బుల్లేకో ఓపిక లేకో ఆపేశాడు. ఒక్క మెసేజ్ కూడా లేదు. కంపెనీ వాళ్ళు కనీసం మెయిల్ పెట్టారు!

అప్పుడు అర్థమైంది. డీసెంట్రలైజ్డ్ అంటే యజమాని ఉండడని కాదు. ప్రతి సర్వర్‌కీ యజమాని ఉంటాడు. తేడా ఏంటంటే ఆ యజమానిని మనం ఎంచుకోవచ్చు, నచ్చకపోతే సామాను సర్దుకుని పోవచ్చు. కానీ ఇల్లు కూలాక సర్దుకోలేం, ముందే సర్దుకోవాలి.

కాబట్టి చేరే ముందు సర్వర్ గురించి పేజీ చదవండి. నడిపేది ఎంతమంది? ఖర్చులు ఎలా వస్తున్నాయి, విరాళాల లెక్క బయట పెడుతున్నారా? ఎన్నేళ్ళుగా ఉంది? మాస్టోడాన్ అధికారిక సైట్‌లో చూపించే సర్వర్ల జాబితా ఉంది. అందులో చేరాలంటే నడిపేవాళ్ళు కొన్ని షరతులకి ఒప్పుకోవాలి: రోజూ బ్యాకప్, అత్యవసరానికి కనీసం ఇద్దరి దగ్గర తాళం, మూసేస్తే మూడు నెలల ముందు చెప్పడం. రాసిచ్చారని గ్యారంటీ ఏమీ లేదు, కానీ నా మొదటి సర్వర్‌కి ఆ మాట కూడా లేదు. ఏది తోచకపోతే మాస్టోడాన్.సోషల్‌లో చేరిపోండి. అందరూ ఒకే చోట చేరితే ఇక డీసెంట్రలైజ్డ్ ఏంటని కొందరు తిడతారు, తిట్టనివ్వండి. తర్వాత మారొచ్చు.

మారడం ఎలాగంటే, ముందు కొత్త సర్వర్‌లో అకౌంట్ తెరిచి, సెట్టింగ్స్‌లో పాత అకౌంట్ నాదే అని అలియాస్ పెట్టాలి. తర్వాత పాత అకౌంట్‌లోకి వెళ్ళి మూవ్ నొక్కాలి. ఫాలోవర్లు వాళ్ళంతట వాళ్ళే కొత్త దానికి వస్తారు. మీరు ఫాలో అయ్యేవాళ్ళ లిస్టు, బ్లాక్ లిస్టు సీఎస్‌వీ ఫైలుగా దించుకుని కొత్త దాంట్లో ఎక్కించాలి. ఒకసారి మూవ్ చేశాక ముప్పై రోజులు ఆగాలి. ఇక్కడ చాలామందికి తెలియనిది ఒకటుంది: పోస్టులు రావు. మీరు రాసినవి, పెట్టిన ఫొటోలు పాత సర్వర్‌లోనే ఉండిపోతాయి. వాటి కోసం ఆర్కైవ్ అడగాలి, వారానికి ఒకసారి అడగొచ్చు, ఒక జిప్ ఫైల్ ఇస్తారు. అది మీ దగ్గర దాచుకోవడానికే, కొత్త సర్వర్‌లోకి ఎక్కించే ఏర్పాటు మాస్టోడాన్‌లో లేదు. ఇవన్నీ పాత సర్వర్ బతికుంటేనే పనిచేస్తాయి.

ఇంకో విషయం, ఇది సిగ్గుపడుతూ చెప్తున్నాను. మాస్టోడాన్‌లో ప్రైవేట్ మెన్షన్ అని ఉంటుంది. అది వాట్సాప్ మెసేజ్ లాంటిది కాదు. ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ లేదు, సర్వర్ నడిపేవాళ్ళు చూడాలనుకుంటే చూడగలరు. పైగా అందులో మూడో మనిషి గురించి మాట్లాడుతూ వాళ్ళ పూర్తి అడ్రస్ రాస్తే ఆ మెసేజ్ వాళ్ళకీ వెళ్తుంది. నేనొక సీనియర్ గురించి నా ఫ్రెండ్‌కి కంప్లయింట్ చేస్తూ ఆయన అడ్రస్ కూడా చక్కగా టైప్ చేశాను. ఆయన రిప్లయ్ ఇచ్చారు. "థ్యాంక్యూ తమ్ముడూ" అని. ఇప్పటికీ క్యాంటీన్‌లో కనబడితే దారి మార్చుకుంటాను.

డిలీట్ మీద కూడా అతిగా నమ్మకం పెట్టుకోకండి. మీరు డిలీట్ చేస్తే మీ సర్వర్ మిగతా సర్వర్లకి "తీసేయండి" అని కబురు పంపుతుంది. వింటే వింటాయి, లేకపోతే లేదు. అందుకే ఊరి ఫొటోల్లో మనుషులు కనబడితే అడిగే పెడుతున్నాను. చిన్నపిల్లల ముఖాలు అస్సలు పెట్టను.

రహస్యంగా మాట్లాడుకోవాలంటే మ్యాట్రిక్స్ అనే ఇంకో ప్రోటోకాల్ ఉంది, ఎన్‌క్రిప్షన్ ఉంటుంది. దాని యాప్ ఎలిమెంట్‌ని 2023లో మన ప్రభుత్వం బ్లాక్ చేసిన 14 మెసేజింగ్ యాప్‌లలో చేర్చింది. ఒక యాప్‌ని ఆపినంత మాత్రాన ప్రోటోకాల్ ఆగదు, అదే ప్రోటోకాల్‌కి వేరే యాప్‌లున్నాయి. అయినా హాస్టల్ గ్రూపు కబుర్లకి ఇంత అక్కర్లేదని నా అభిప్రాయం. బ్లూస్కై సంగతి అడుగుతారు. వాడటం తేలిక, సొంత డొమైన్‌నే పేరుగా పెట్టుకోవచ్చు, అది నాకు నచ్చింది. కానీ ఎక్కువమంది అకౌంట్లు ఇంకా ఆ కంపెనీ సర్వర్లలోనే ఉన్నాయి.

ఇప్పుడు ఊరి ఫొటోల అకౌంట్ రెండో సర్వర్‌లో ఉంది. ఫాలోవర్లు 43 మంది. ఊళ్ళోవాళ్ళు ముగ్గురు. మిగతా ఊరంతా వాట్సాప్ గ్రూపులోనే ఉంది, నేనెంత చెప్పినా కదలరు, వాళ్ళ తప్పూ లేదు. ఫోన్ పోయినప్పుడు పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకోవాల్సింది వాళ్ళు, నేను కాదు. అందుకే మధ్యలో నేనుంటున్నాను. బావ వెరావల్ నుంచి ఫొటో పంపితే నేను ఎక్కిస్తాను. ఫొటోని మామూలుగా పంపితే వాట్సాప్ దాన్ని నలిపేస్తుంది, అందుకని డాక్యుమెంట్‌గా పంపమని నేర్పాను. అకౌంట్‌కి ఇద్దరం కాపలా, నేనూ మా చెల్లీ. పాస్‌వర్డ్, టూ ఫ్యాక్టర్ రికవరీ కోడ్‌లు కాగితం మీద రాసి పెట్టాం. నంబర్ మారినా ఓటీపీ కోసం ఏడవక్కర్లేదు.

తాతయ్య ఫొటో ఇంకా దొరకలేదు. పారాదీప్‌లో ఉండే చిన్నాన్న పాత ఫోన్‌లో ఉండొచ్చని అత్త అంటోంది. ఆ ఫోన్ ఆన్ అవ్వడం లేదు, సంక్రాంతికి తెస్తానన్నాడు.

నెలకోసారి ఆర్కైవ్ దించి పెన్‌డ్రైవ్‌లో వేస్తాను. పోయినసారి ఇంటికెళ్ళినప్పుడు దాన్ని అమ్మకిచ్చి జాగ్రత్త అన్నాను. రేషన్ కార్డు, ఇంటి కాగితాలు ఉండే ప్లాస్టిక్ కవర్లో పెట్టి, కవర్‌కి రెండు రబ్బరు బ్యాండ్లు వేసింది.